బొటనవేలు

జీడిసొనకి చదువు రాదు.
ఏ వేలు రేపు ఏం పట్టుకోవాలనుకుంటుందో
అడగదు.
అంటిన చోటల్లా తోలు నల్లగా పొక్కి, ఎండి
పొరలు పొరలుగా లేచిపోతుంది.

ఐటీఐ సెలవుల్లో మొదలెట్టి ఏడేళ్ళు
కాశీబుగ్గ బట్టీలో పిక్కలు కొట్టాను.
గుండు పలుక్కి ఒక రేటు, బద్దకి ఒక రేటు,
ముక్కయితే మేస్త్రి గున్నయ్య తిట్టు.
మధ్యాన్నం గూడ్సు బండి
రేకుల షెడ్డుని వణికిస్తూ పోయేటప్పుడు
అందరూ పొట్టు ఎగరకుండా చేతులు అడ్డం పెట్టేవారు.
నేను పెట్టెలు లెక్కపెట్టేదాన్ని.
యాభై ఎనిమిది. ఒక్కోసారి యాభై తొమ్మిది.
"ఏటే దమయంతీ, నీ పెళ్ళివోరేటి అందులో ఎల్లిపోతన్నారు?"
నీలవేణప్ప నవ్వేది.

పెళ్ళివారు కాదప్పా.
ఇంజను కిటికీలో మోచెయ్యి ఆనించి కూచున్నాయన.
ఆ మోచెయ్యి నాది కావాలి.

అప్పుడు నవ్వలేదు ఆవిడ.
నవ్వుంటే తేలిగ్గా ఉండేది.

మొదటిసారి పావు మార్కులో పోయింది.
పావు అంటే ఎంతో
కాటా దగ్గర బతికేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.
తర్వాత నాలుగేళ్ళు నోటిఫికేషనే లేదు.
నెట్ సెంటరు కుర్రాడు
నన్ను వీధి మలుపులో చూసే తల అడ్డంగా ఊపేవాడు.
ఆ మధ్యలోనే ఒక రాత్రి గాలి.
తెల్లారేసరికి ఉద్దానం కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడుకున్నాయి.
మా ఇంటి రేకు ఎవరి పెరట్లో దిగిందో ఇప్పటికీ తెలీదు.
తడిసిన పుస్తకాలు మంచం పట్టెల మీద ఆరేశాను.
చదవని పేజీలే ముందు ఆరాయి.

రెండోసారి విశాఖపట్నం.
వేలు పెట్టమన్నారు. ఎర్ర దీపం.
తుడుచుకుని పెట్టమన్నారు. ఎర్ర దీపం.
ఎడమది పెట్టమన్నారు.
"నీకు వేలిముద్ర లేదమ్మా" అన్నాడు,
టికెట్టు లేదమ్మా అన్నట్టు.
ఏదో కాగితం మీద సంతకాలు తెమ్మన్నారు.
తెచ్చేసరికి గేటు మూసేశారు.

మా తాత సంతకం రాక
బతుకంతా వేలిముద్ర వేశాడు.
సంతకం వచ్చిన నాకు
వేలిముద్ర లేకుండా పోయింది.

తిరుగుబండిలో తలుపు దగ్గర నిలబడి
చీపురుపల్లి దాకా ఏడ్చాను.
ఆమదాలవలస ముందర, చీకట్లో, బండి ఆగింది.
ఎర్ర దీపం.
అంత పెద్ద బండి, అన్ని వేల టన్నుల ఇనుము
దాని ముందు నోరు మూసుకుని నిలబడింది.
వెనక్కి పోలేదు. పట్టాలు దిగిపోలేదు.
ఆగింది, అంతే.
ఎవరో బఠాణీలు నములుతున్నారు.

మర్నాడు బట్టీ మానేశాను.
అమ్మ ఏమీ అనలేదు, గంజి కొంచెం పల్చబడింది.
నీలవేణప్ప శనివారం కూలిలోంచి వంద తీసి
నా పుస్తకంలో పెట్టింది.
"పేజీ గుర్తుకే, ఉంచు."

రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టేదాన్ని.
పొద్దున్నే సిరాలో అద్ది
పాత కేలండరు వెనక వేసి చూసుకునేదాన్ని.
వారం రోజులు ఒట్టి మసి.
పదో రోజు ఒక గీత. అది కూడా నిజమో, కాగితం మడతో.
ఇరవై దాటాక
ఒకదాని పక్కన ఒకటి
ఎక్కడా ఢీకొనకుండా వంపు తిరుగుతూ వచ్చాయి.
నెల దాటాక అమ్మ ఆ కాగితం దీపం దగ్గర పెట్టి చూసి
"పట్టాల్లాగున్నాయే" అంది.
ఆ మాట నేననలేదు.

మూడోసారి
యంత్రం నాలుగు సార్లు ఆలోచించింది.
ఐదోసారి పచ్చ.

కూర్చున్నాను. చేతులు గౌను కొంగుకి కాదు,
హాల్ టికెట్టుకే తుడుచుకున్నాను, ఏం చేస్తున్నానో తెలీక.
తెర మీద మొదటి ప్రశ్న:
ఒక రైలు గంటకి డెబ్బై రెండు కిలోమీటర్ల వేగంతో
ఒక స్టేషను దాటుతున్నది.

ఏ స్టేషనో రాయలేదు.
పలాస అనుకుని
మొదలెట్టాను.